గేరు ఎందుకు పడదు? క్లచ్చి ఎందుకు అరుస్తుంది?

బెల్లం బాగుందో లేదో తెలుసుకోవడం తేలిక. దిమ్మ అంచున కొంచెం గిల్లి నోట్లో వేసుకుంటే నాలికే చెబుతుంది. మరి ఆ బెల్లాన్ని మోసుకుపోయే లారీకి జబ్బు చేస్తే ఎలా తెలుసుకోవడం? గేరు పెట్టెను కొరికి చూడలేం కదా!

అనకాపల్లి పిల్లలకు లారీల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఊరు బెల్లానికి పెట్టింది పేరు. చెన్నై నుంచి కలకత్తా పోయే పెద్ద రోడ్డు ఊరి పక్కనుంచే పోతుంది. ఒకప్పుడు దాన్ని 5వ నంబరు జాతీయ రహదారి అనేవారు. 2010లో నంబర్లన్నీ మార్చినప్పుడు అది 16వ నంబరు అయింది. ఆ రోడ్డుకు కాస్త దూరంగా ఏ అరుగు మీదో కూర్చుని, కళ్ళు మూసుకుని వినండి. ఒక లారీ బయలుదేరుతుంది. ఇంజను చప్పుడు గుయ్యిమని లేస్తుంది, ఒక్క క్షణం తగ్గుతుంది, మళ్ళీ లేస్తుంది. ఆ తగ్గిన క్షణంలో డ్రైవరు గేరు మార్చాడన్నమాట. ఒక్కో లారీ మాత్రం ఆ క్షణంలో కర్ర్‌ర్‌ మంటుంది. ఎవరో ఇనప పళ్ళు కొరికినట్టు ఉంటుంది. నిజానికి అక్కడ జరిగేది కూడా అదే. పళ్ళు కొరుక్కోవడమే!

ఆ చప్పుడు వినగానే అనుభవం ఉన్న మెకానిక్కు తల ఎత్తి చూస్తాడు. బండి కింద దూరకుండానే, ఒక్క మర కూడా విప్పకుండానే, జబ్బు ఎక్కడుందో చాలావరకు చెప్పేస్తాడు. అది మంత్రమేమీ కాదు. మీరు ఎనిమిదో తరగతిలో చదువుకునే ఘర్షణ, వేగం, తిరిగే చక్రాల సంగతులు తెలిస్తే మీరూ చెప్పగలరు.

అసలు ఇది ఎందుకంత ముఖ్యం?

అనకాపల్లికి తూర్పున సముద్రం. పడమటి వైపు కొండలు. ఆ కొండల పేరు తూర్పు కనుమలు! తూర్పు కనుమలు పడమర ఉండడమేమిటని తికమక పడకండి. దేశం మొత్తానికి అవి తూర్పున ఉన్నాయి, అనకాపల్లికి పడమర ఉన్నాయి, అంతే. నర్సీపట్నం మీదుగా చింతపల్లి పోయినా, చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు పోయినా ఘాటు రోడ్డు ఎక్కక తప్పదు. చింతపల్లి దారిలో ఉన్న లంబసింగి సముద్ర మట్టానికి దాదాపు 1,000 మీటర్ల ఎత్తున ఉంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. సరుకుతో కలిపి 10 టన్నుల బండి ఒకటి 1,000 మీటర్ల ఎత్తునుంచి కిందికి దిగిందనుకోండి. బరువును, గురుత్వ త్వరణాన్ని, ఎత్తును గుణిస్తే ఆ దిగడంలో విడుదలయ్యే శక్తి వస్తుంది. 10,000 కిలోగ్రాములు, 9.8, 1,000 మీటర్లు గుణిస్తే 9 కోట్ల 80 లక్షల జౌళ్ళు. ఇంత శక్తి ఎక్కడికో పోవాలి కదా? బండి వేగం పెరగకుండా ఉండాలంటే అదంతా వేడిగా మారాలి. ఆ వేడితో 30 డిగ్రీల దగ్గరున్న నీళ్ళను 330 లీటర్లు మరిగించవచ్చు. పెళ్ళివారింట్లో స్నానాలకు సరిపోయే వేన్నీళ్ళు! ఈ వేడినంతా బ్రేకుల మీదే వేస్తే అవి కాలిపోయి పట్టు వదిలేస్తాయి. అందుకే తెలిసిన డ్రైవరు చిన్న గేరు వేసి దిగుతాడు. అప్పుడు చక్రాలు ఇంజనును తిప్పవలసి వస్తుంది. ఆ ప్రయాసలో బండి వేగం అదుపులో ఉంటుంది, బ్రేకుల భారం తగ్గుతుంది.

అటువంటి చోట మూడో గేరు తీసి రెండో గేరు వేయబోతే, అది పడలేదనుకోండి! బండి న్యూట్రల్‌లో ఉండిపోతుంది. ఇంజనుకూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. వేగం పెరిగినకొద్దీ ఏ గేరూ పడదు. ఇక అంతా బ్రేకుల దయే. కాబట్టి మైదానంలో గేరు గట్టిగా పడడం చిరాకు కలిగించే విషయం మాత్రమే గాని, ఘాటులో అది ప్రాణాల మీదికి తెచ్చే విషయం.

చేతుల్లోనే క్లచ్చి ఉంది

ఇంజను ఆగి ఉన్న చోటునుంచి నెమ్మదిగా బయలుదేరలేదు. డీజిలు ఇంజను ఊరికే తిరుగుతున్నప్పుడు కూడా నిమిషానికి ఆరేడు వందల చుట్లు తిరుగుతుంది. అంతకన్నా బాగా తగ్గితే ఆగిపోతుంది. చక్రాలేమో సున్నా నుంచి మొదలు కావాలి. తిరిగేదాన్నీ తిరగనిదాన్నీ కలపడం ఎలా?

రెండు అరచేతులు దగ్గర పెట్టండి. కుడి అరచేతిని ఎడమ అరచేతికి తేలిగ్గా ఆనించి గుండ్రంగా తిప్పండి. కుడి చెయ్యి జారుతూ తిరుగుతుంది, ఎడమ చెయ్యి కదలదు. ఇప్పుడు మెల్లిమెల్లిగా నొక్కుతూ తిప్పండి. కొంతసేపు జారుతుంది, వేడెక్కుతుంది, ఆ తరవాత రెండు చేతులూ కలిసి కదులుతాయి. క్లచ్చి అంటే ఇదే.

ఇంజను చివర ఒక బరువైన ఇనప చక్రం ఉంటుంది. దాని పేరు ఫ్లైవీలు. దానికి ఆనుకుని రెండు వైపులా గరుకు పూత ఉన్న పల్చని బిళ్ళ ఉంటుంది. అది క్లచ్చి ప్లేటు. దాని వెనక ప్రెజరు ప్లేటు. ఈ ప్రెజరు ప్లేటును గట్టి స్ప్రింగు ముందుకు తోస్తూ ఉంటుంది. చిన్న కారులో కూడా ఆ తోపు కొన్ని వందల కిలోల బరువుతో సమానం. ఫ్లైవీలుకూ ప్రెజరు ప్లేటుకూ మధ్య క్లచ్చి ప్లేటు అప్పడంలా నలిగి ఉంటుంది కాబట్టి మూడూ కలిసి తిరుగుతాయి. డ్రైవరు పెడలు తొక్కితే స్ప్రింగు వెనక్కి లాగబడి, మధ్యలో ఉన్న ప్లేటు వదులవుతుంది. ఇంజను తన దారిన తను తిరుగుతుంది. గేరు పెట్టె తీరిగ్గా ఊపిరి తీసుకుంటుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. పెడలు జానెడు దూరం కిందికి పోతే, లోపల ప్లేటుకు దొరికే ఖాళీ రెండు పక్కలా కలిపి ఒకటి రెండు మిల్లీమీటర్లే. మధ్యలో ఎక్కడ కొంచెం సడలినా ఆ కాస్త ఖాళీ కూడా దక్కదు. ఈ మాట గుర్తుంచుకోండి. తరవాత పనికొస్తుంది.

(పాత క్లచ్చి ప్లేట్ల పూతలో ఆస్‌బెస్టాస్ కలిపేవారు. ఆ ధూళి ఊపిరితిత్తులకు చాలా హాని చేస్తుంది. షెడ్డులో క్లచ్చి విప్పి గాలి గొట్టంతో దుమ్ము ఊదుతుంటే మీరు ఆ దగ్గర నిలబడకండి. ఆ ఊదే మనిషి కూడా అలా ఊదకూడదు. తడిగుడ్డతో తుడవాలి.)

పెట్టెలో ఏముంది?

క్లచ్చి ప్లేటు మధ్యనుంచి ఒక ఇరుసు గేరు పెట్టెలోకి పోతుంది. దీన్ని మొదటి షాఫ్టు అందాం. పెట్టెలో దానికి అడుగున ఇంకో షాఫ్టు ఉంటుంది. షెడ్డులో దాన్ని లే షాఫ్టు అంటారు. మొదటి షాఫ్టు మీది పళ్ళ చక్రం లే షాఫ్టును ఎప్పుడూ తిప్పుతూనే ఉంటుంది. లే షాఫ్టు మీద చిన్నా పెద్దా పళ్ళ చక్రాలు వరసగా ఉంటాయి. చివరిది మెయిన్ షాఫ్టు. అది వెనక చక్రాలకు పోతుంది. లే షాఫ్టు మీది ఏ చక్రం ద్వారా మెయిన్ షాఫ్టుకు తిరుగుడు అందుతుందన్నదే మొదటి గేరు, రెండో గేరు అని మనం పిలిచేది. సైకిలుకు ముందు 15 పళ్ళు, వెనక 45 పళ్ళు పెట్టి చూడండి. మూడుసార్లు తొక్కితే చక్రం ఒకసారి తిరుగుతుంది. వేగం మూడో వంతయింది గాని బలం మూడింతలయింది. కొండ ఎక్కడానికి అదే కావాలి.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. మెయిన్ షాఫ్టు నిమిషానికి 500 చుట్లు తిరుగుతోంది. మూడో గేరులో మొదటి షాఫ్టు దానికి రెండింతలు తిరగాలి అనుకుందాం. అంటే 1,000 చుట్లు. రెండో గేరులో మూడింతలు తిరగాలి. అంటే 1,500 చుట్లు. మూడో గేరునుంచి రెండో గేరుకు మారాలంటే 1,000 మీద ఉన్న షాఫ్టు వేగం 1,500కు పెరగాలి. పెరగకుండా గేరు తోస్తే రెండు వేర్వేరు వేగాల పళ్ళు ఢీకొంటాయి. కర్ర్‌ర్‌!

తిరుగుతున్న రంగులరాట్నం మీదికి నిలబడిన చోటునుంచి దూకితే పడిపోతాం. దాంతోపాటు పరుగెత్తి, దాని వేగం అందుకుని ఎక్కితే పడం. పాతకాలపు లారీ డ్రైవర్లు ఈ పరుగు ఇంజను చేత చేయించేవారు. క్లచ్చి తొక్కి న్యూట్రల్ చేసి, క్లచ్చి వదిలి, ఒక్కసారి ఆక్సిలరేటరు తట్టి షాఫ్టు వేగం పెంచి, మళ్ళీ క్లచ్చి తొక్కి గేరు వేసేవారు. ఒక్క గేరుకు రెండుసార్లు క్లచ్చి! ఎంత తట్టాలో మీటరు ఏదీ చెప్పేది కాదు, చెవే చెప్పేది. ఆ డ్రైవర్లను నేను సంగీత విద్వాంసులతో పోలుస్తాను. శ్రుతి కలిస్తేనే గేరు పడేది.

ఈ కష్టం తప్పించడానికి ఎర్ల్ థామ్సన్ అనే అమెరికా ఇంజనీరు సింక్రోమెష్ అనే ఏర్పాటు చేశాడు. 1928లో కాడిలాక్ కార్లలో అది మొదటిసారి వచ్చింది. ఆ ఏర్పాటు ఇలా ఉంటుంది. పళ్ళు కలిసే ముందు, గరాటు ఆకారంలో ఉన్న ఒక ఇత్తడి ఉంగరం వచ్చి పళ్ళ చక్రాన్ని రాసుకుంటుంది. ఆ ఘర్షణతో రెండిటి వేగాలూ సమానమవుతాయి. ఆ తరవాతే పళ్ళు కలుస్తాయి. అంటే ప్రతి గేరు పక్కనా ఒక బుల్లి క్లచ్చి ఉందన్నమాట! మన దేశంలో చాలాకాలం తిరిగిన పాత అంబాసిడర్లలో మొదటి గేరుకు ఈ సౌకర్యం లేదు. కారు పూర్తిగా ఆగాకనే మొదటి గేరు వేసేవారు. వెనక్కి పోయే రివర్సు గేరుకు ఇవాళ కూడా చాలా బండ్లలో సింక్రోమెష్ ఉండదు. ఇది లోటే గాని, ఈ లోటే మనకు జబ్బు కనిపెట్టడంలో గొప్ప సాయం చేస్తుంది. ఎలాగో చూడండి.

గేరు గట్టిగా పడుతోంది. తప్పు ఎవరిది?

ముద్దాయిలు ముగ్గురు. క్లచ్చి సరిగా వదలకపోవచ్చు. గేరు పెట్టె లోపల ఏదైనా అరిగి ఉండవచ్చు. లేదా గేరు కర్రకూ పెట్టెకూ మధ్య ఉన్న కడ్డీలు, కీళ్ళు బిగుసుకుపోయి ఉండవచ్చు. మూడింటిలోనూ డ్రైవరు చేతికి తెలిసేది ఒకటే. గేరు పడడం లేదు. తొందరపడి గేరు పెట్టె దింపితే ఒక రోజు పని, బోలెడు ఖర్చు. తీరా చూస్తే అందులో తప్పేమీ ఉండకపోవచ్చు.

అందుకని మొదట ఇంజను ఆపేయాలి. బండి కదలకుండా చక్రాలకు అడ్డు పెట్టి, అన్ని గేర్లూ ఒకటొకటిగా వేసి చూడాలి. ఇంజను ఆగి ఉన్నప్పుడు అన్నీ వెన్నలా పడుతూ, ఇంజను తిరుగుతున్నప్పుడు మాత్రం మొరాయిస్తే ఏమర్థం? కడ్డీలూ కీళ్ళూ బాగానే ఉన్నాయి. అవి ఇంజను ఉందో లేదో ఎరగవు కదా! ఇంజను తిరుగుడు ఏదో గేరు పెట్టెలోకి దొంగచాటుగా చేరుతోంది. అంటే అనుమానం క్లచ్చి మీద. ఇంజను ఆపినా గట్టిగానే పడితే అనుమానం కడ్డీల మీదికో, పెట్టె మీదికో పోతుంది. (ఇంజను ఆపినప్పుడు ఒక్కోసారి పన్నుకు పన్ను ఎదురుపడి గేరు పడదు. అది జబ్బు కాదు. బండిని కొంచెం అటూ ఇటూ కదిపితే పడిపోతుంది.)

రెండో పరీక్ష రివర్సు గేరుది. బండి ఆగి ఉంది, ఇంజను తిరుగుతోంది, న్యూట్రల్. క్లచ్చి పూర్తిగా తొక్కి, మనసులో ఒకటి నుంచి అయిదు వరకు నెమ్మదిగా లెక్కపెట్టి, అప్పుడు రివర్సు వేయాలి. క్లచ్చి నిజంగా వదిలేస్తే మొదటి షాఫ్టును తిప్పేవాళ్ళెవరూ లేరు. చిక్కటి నూనెలో మునిగి ఉన్న పళ్ళ చక్రాలు అయిదు సెకండ్లలో దాదాపు ఆగిపోతాయి. రివర్సు చప్పుడు లేకుండా పడుతుంది. అప్పటికీ కర్ర్‌ మందంటే షాఫ్టు ఇంకా తిరుగుతూనే ఉంది. సింక్రోమెష్ ఉన్న గేరయితే ఈ తప్పును కొంతవరకు కప్పిపుచ్చేది. రివర్సుకు ఆ మర్యాద తెలియదు, ఉన్నదున్నట్టు అరిచి చెప్పేస్తుంది!

క్లచ్చి పూర్తిగా వదలకపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. ఇందాక గుర్తుంచుకోమన్న ఒకటి రెండు మిల్లీమీటర్ల సంగతి ఇక్కడికి తెచ్చుకోండి. కొన్ని బండ్లలో పెడలునుంచి క్లచ్చికి ఒక తీగ పోతుంది. అది సాగితే పెడలు కదలికలో సగం తీగను బిగించడానికే పోతుంది. చివరి మిల్లీమీటరు మిగలదు. పెడలు పైన కొంత మేర ఊరికే కదులుతుంది, దాన్ని ఫ్రీ ప్లే అంటారు. అది మరీ ఎక్కువైతే క్లచ్చి వదలదు. మరీ తక్కువైతే క్లచ్చి పట్టదు, జారుతుంది. ఏ బండికి ఎంత ఉండాలో కంపెనీ పుస్తకంలో రాసి ఉంటుంది.

ఇంకొన్ని బండ్లలో తీగ బదులు నూనె పని చేస్తుంది. పెడలు దగ్గర ఒక చిన్న పంపు, క్లచ్చి దగ్గర ఇంకో చిన్న పంపు, మధ్యలో సన్నని గొట్టం. ద్రవాలు నొక్కితే నలగవు, అందుకే ఇక్కడ తోసినది అక్కడికి చేరుతుంది. కాని గొట్టంలో గాలి బుడగ చేరిందా, గాలి నలుగుతుంది, నూనె కదలదు. దీన్ని పట్టుకోవడం చాలా సులువు. పెడలును నాలుగైదుసార్లు టకటకా కొట్టి, వెంటనే గేరు వేస్తే పడుతుంది. కాసేపు ఆగి ఒక్కసారే తొక్కి వేస్తే పడదు. ఇలా జరిగితే గొట్టంలో గాలి ఉందనో, నూనె ఎక్కడో కారిపోతోందనో అర్థం. గాలి బయటికి తీసేస్తే సరిపోతుంది. అరగంట పని! అరగంటలో పోయే జబ్బుకు గేరు పెట్టె మొత్తం దింపడం ఎంత వృథా!

వానాకాలంలో నీళ్ళలో నిలిచిపోయిన బండికి మరో తమాషా జబ్బు వస్తుంది. క్లచ్చి ప్లేటు తుప్పుతో ఫ్లైవీలుకు అతుక్కుపోతుంది. పెడలు తొక్కినా ఊడి రాదు. నెలల తరబడి షెడ్డులో కదలకుండా ఉన్న బండికి గేరు పడకపోతే మొదట ఇదే అనుమానించాలి.

కొన్నిటికి క్లచ్చితో సంబంధం ఉండదు. మిగతా గేర్లన్నీ బాగా పడుతూ ఒక్క రెండో గేరు మాత్రమే కర్ర్‌ మంటోందనుకోండి. క్లచ్చి తప్పయితే అన్ని గేర్లకూ రావాలి కదా. కాబట్టి ఆ ఒక్క గేరు దగ్గరి ఇత్తడి ఉంగరం అరిగిపోయింది. ఘాటు రోడ్లలో తిరిగే బండ్లకు చిన్న గేర్లలోనే ఈ బాధ ఎక్కువ. మలుపు మలుపుకూ అవే వేస్తారు, పైగా అక్కడే వేగాల తేడా ఎక్కువ.

డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగిలో తెల్లవారుజామున చలి సున్నా డిగ్రీల దరిదాపుల్లోకి పోతుంది. రాత్రంతా అక్కడ నిలబెట్టిన బండికి ఉదయం గేర్లు బరువుగా పడి, కొంత దూరం నడిచాక వాటంతట అవే తేలికయ్యాయనుకోండి. అప్పుడు ఏదీ విప్పకండి. చలికి బెల్లం పాకం చిక్కబడినట్టే గేరు నూనె కూడా చిక్కబడుతుంది. చిక్కటి నూనె ఇత్తడి ఉంగరానికీ చక్రానికీ మధ్యనుంచి త్వరగా తప్పుకోదు, ఘర్షణ అందదు. నూనె వేడెక్కితే పలచబడుతుంది. పుస్తకంలో చెప్పిన రకం నూనె పోశారో లేదో మాత్రం చూసుకోవాలి.

చప్పుళ్ళ పంచాయితీ

ఇప్పుడు చప్పుళ్ళ దగ్గరికి వద్దాం. నాకు ఇది అన్నిటికన్నా ఇష్టమైన భాగం. ఎందుకంటే ఇందులో ఒకే ఒక్క సూత్రం అంతా తేల్చేస్తుంది.

బేరింగు అంటే తెలుసుగా? లోపల ఒక ఉంగరం, బయట ఒక ఉంగరం, మధ్యలో ఉక్కు గోళీలు. బేరింగు పాడైతే గోళీలు దొర్లేటప్పుడు గీరుకుని అరుస్తుంది. గోళీలు దొర్లాలంటే ఒక ఉంగరం తిరుగుతూ ఇంకోటి ఆగి ఉండాలి, లేదా రెండూ వేరే వేగాలతో తిరగాలి. రెండూ ఒకే వేగంతో కలిసి తిరిగితే గోళీలు దొర్లవు. రైలు ఎంత వేగంగా పోయినా పక్కపక్కన కూర్చున్న ఇద్దరి భుజాలు ఒరుసుకుపోవు కదా! చలనం ఉండి లాభం లేదు, సాపేక్ష చలనం ఉండాలి. అదే సూత్రం.

క్లచ్చి దగ్గర మనకు కావలసిన బేరింగులు మూడు. మొదటిది రిలీజు బేరింగు. పెడలు తొక్కితే ఇది వచ్చి తిరుగుతున్న స్ప్రింగును నొక్కుతుంది. రెండోది పైలట్ బేరింగు. మొదటి షాఫ్టు ముందు కొస ఫ్లైవీలు నడుమ ఆనే చోట ఉంటుంది. మూడోది గేరు పెట్టె ముఖద్వారం దగ్గర అదే షాఫ్టును మోసే బేరింగు. ఈ మూడూ జానెడు దూరంలోనే ఉంటాయి. కాబట్టి చప్పుడు 'అక్కడినుంచి' వస్తోందంటే సరిపోదు. ఎప్పుడు వస్తోందన్నది చూడాలి.

ఇంజను తిరుగుతూ, బండి న్యూట్రల్‌లో ఉండి, కాలు పెడలు మీద లేనప్పుడు ఎవరు పని చేస్తున్నారు? క్లచ్చి పట్టే ఉంది కాబట్టి మొదటి షాఫ్టు తిరుగుతోంది. దాన్ని మోసే పెట్టె బేరింగులో గోళీలు దొర్లుతున్నాయి. పైలట్ బేరింగులో దొర్లడం లేదు. ఎందుకంటే ఫ్లైవీలూ షాఫ్టూ కలిసి ఒకే వేగంతో తిరుగుతున్నాయి. పాత తరహా బండ్లలో రిలీజు బేరింగు దూరంగా ఊరికే కూర్చుని ఉంది. కాబట్టి ఇప్పుడు గుర్రుమని చప్పుడు వస్తూ, పెడలు పూర్తిగా తొక్కగానే ఆగిపోతే, ముద్దాయి గేరు పెట్టె బేరింగు.

దీనికి తిరగేసి చూడండి. పెడలు మీద కాలు పెట్టి రవ్వంత నొక్కగానే, క్లచ్చి ఇంకా వదలకముందే, గీ మని సన్నగా మొదలైంది. నొక్కినకొద్దీ పెరిగింది. అది రిలీజు బేరింగు. నొక్కు పడగానే పనిలోకి దిగేది అదొక్కటే. కొందరికి నడుస్తున్నంతసేపూ కాలు క్లచ్చి పెడలు మీద ఆనించి ఉంచడం అలవాటు. అప్పుడు ఈ బేరింగు రోజంతా నొక్కుడులోనే తిరిగి తొందరగా అరిగిపోతుంది. కొత్త బండ్లలో ఇది ఎప్పుడూ తేలిగ్గా ఆనే ఉంటుంది. అందుకే వాటిలో పెడలు తొక్కకముందే ఇది సన్నగా పాడి, తొక్కగానే స్వరం మార్చవచ్చు. ఇటువంటి బండి గేరు పెట్టె బేరింగులా నటించి మెకానిక్కును మోసం చేయగలదు.

పెడలు సగం తొక్కినా నిశ్శబ్దమే. బాగా కిందికి పోయాక, క్లచ్చి పూర్తిగా వదిలాక మాత్రం కీచుమంది. అది పైలట్ బేరింగు. ఇంజను తిరుగుతూ షాఫ్టు వెనకబడినప్పుడే దాని గోళీలు దొర్లుతాయి. నమ్మకం కుదరకపోతే, డ్రైవరు బ్రేకు గట్టిగా తొక్కి ఉంచి మొదటి గేరు వేస్తాడు. షాఫ్టు పూర్తిగా ఆగిపోతుంది, వేగాల తేడా ఇంకా పెరుగుతుంది, చప్పుడూ పెరుగుతుంది.

ఇంజను ఆపేసినా పెడలు కదిపినప్పుడల్లా కిర్రు కిర్రు మంటే అసలు ఇవేవీ కావు. తలుపు బందు లాగే పెడలు కీలో, ఫోర్కు ఆనే చోటో ఎండిపోయింది. కాస్త గ్రీజు చాలు.

షెడ్డులో మెకానిక్కు పొడవాటి స్క్రూడ్రైవరు కొసను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి ఆనించి వినడం చూశారా? డాక్టరు స్టెతస్కోపు అదే! గాలిలో ధ్వని సెకండుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. ఉక్కులో 5,000 మీటర్లకు పైగా పోతుంది, దారిలో చెల్లాచెదురు కూడా కాదు. మీరు తిరిగే ఇంజను దగ్గర ఈ పని చేయకండి. బెల్టులకు చొక్కా చిక్కితే ప్రమాదం. బల్ల మీద ఒక చివర మీ స్నేహితుణ్ణి గోటితో గీకమని చెప్పి, రెండో చివర చెవి ఆనించి వినండి, చాలు.

రెండు జబ్బులూ కలిసి వస్తే

ఒక లారీ అనుకోండి. ఇంజను ఆపితే గేర్లు హాయిగా పడతాయి. ఇంజను తిరుగుతుంటే పడవు. రివర్సు అయిదు అంకెలు లెక్కపెట్టినా కర్ర్‌ మంటుంది. క్లచ్చి వదలడం లేదని తేల్చి, తీగ బిగించారు. ఫ్రీ ప్లే పుస్తకంలో చెప్పినంత ఉంది. అయినా మార్పు లేదు. ప్లేటు మార్చేద్దామని అందరూ అంటున్నారు. మీరేమంటారు?

ఇంకో సంగతి చెబుతాను. పెడలు పూర్తిగా తొక్కినప్పుడు మాత్రమే కీచుమని చప్పుడు వస్తోంది. తొక్కకపోతే లేదు.

ఇప్పుడు దారి దొరికిందా? చప్పుడు పైలట్ బేరింగుది. అది ఎండిపోయి బిగుసుకుపోతే షాఫ్టు కొసను పట్టుకుని ఫ్లైవీలుతోపాటు తిప్పేస్తుంది. క్లచ్చి నిజాయితీగా వదిలేసింది. ఇంజను తిరుగుడు మాత్రం దొడ్డిదారిన, అరచేతిలో పట్టే ఒక బేరింగు ద్వారా గేరు పెట్టెలోకి పోతోంది. కొత్త ప్లేటు వేసి పాత పైలట్ బేరింగునే ఉంచేస్తే జబ్బు అలాగే ఉంటుంది, డబ్బు మాత్రం పోతుంది. అందుకే జాగ్రత్త గల మెకానిక్కు క్లచ్చి విప్పినప్పుడల్లా ఆ బేరింగును వేలితో తిప్పి చూస్తాడు.

వీధిలో తిరిగే కరెంటు ఆటోలకు ఈ బాధలేవీ లేవు. కరెంటు మోటారు సున్నా వేగం నుంచే పూర్తి బలం ఇవ్వగలదు కాబట్టి క్లచ్చితో పని లేదు. కాని బెల్లం లారీలూ, ఘాటు ఎక్కే బస్సులూ ఇంకా చాలావరకు క్లచ్చితోనే నడుస్తున్నాయి.

చివరగా ఇంకొక్క చిక్కుముడి. చాలా లారీల్లో అన్నిటికన్నా పెద్ద గేరులో మొదటి షాఫ్టూ మెయిన్ షాఫ్టూ నేరుగా కలిసిపోతాయి. లే షాఫ్టు పక్కన ఊరికే తిరుగుతుంది, దాని మీద బరువు ఉండదు. ఒక లారీ ఒకటి, రెండు, మూడు గేర్లలో ఊఁ మని మూలుగుతూ, పెద్ద గేరు వేయగానే మూలుగు దాదాపు మానేసిందనుకోండి. మూలిగేది ఎవరో మీకు ఇప్పుడు తెలిసే ఉంటుంది. బరువు మోసినప్పుడు మూలిగి, బరువు దించగానే ఊరుకున్నది ఆ లే షాఫ్టే. దాని బేరింగులు మార్చాలి.